చదివింది నోటికి రావాలంటే: నలుగురి ముందు మాట్లాడటానికి సన్నద్ధత

ఢిల్లీలోని కరోల్ బాగ్, దాని పక్కనే ఉన్న ఓల్డ్ రాజేంద్ర నగర్ సివిల్ సర్వీసెస్ అభ్యర్థులకు పెట్టింది పేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చిన యువతీయువకులు కూడా ఇక్కడి అద్దె గదుల్లో, పీజీల్లో ఉంటూ ఏళ్ల తరబడి చదువుతారు. గదిలో చోటు చాలక చాలామంది నెలనెలా డబ్బు కట్టి ‘లైబ్రరీ’లో ఒక కుర్చీ తీసుకుంటారు. అక్కడ మాట వినిపించకూడదు. ఫోన్ మోగితే బయటికి వెళ్లి మాట్లాడాలి. రోజుకు పది, పన్నెండు గంటలు ఇలా నోరు విప్పకుండా గడిచిపోతాయి.

ఇంత నిశ్శబ్దంగా సాగిన చదువుకు చివరి మెట్టు మాత్రం మాటే. మెయిన్స్ గట్టెక్కినవారు షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌లో యూపీఎస్సీ బోర్డు ముందు సుమారు అరగంట కూర్చోవాలి. రాత పరీక్షకు 1750 మార్కులైతే ఈ వ్యక్తిత్వ పరీక్షకు 275. మొత్తం 2025లో ఇది దాదాపు ఏడో వంతు. ఒకటి రెండు మార్కుల తేడాతో సర్వీసు మారిపోయే పోటీలో ఈ అరగంట విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఇబ్బంది సివిల్స్ అభ్యర్థులది మాత్రమే కాదు. కరోల్ బాగ్‌కు దగ్గర్లోనే పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఉన్నాయి. అలాంటి చోట సెమినార్ ఇవ్వాల్సిన పరిశోధక విద్యార్థిదీ ఇదే పరిస్థితి. పంద్రాగస్టు సభలో మైకు ముందు నిలబడే పదో తరగతి అమ్మాయిదీ ఇదే. అంతా తెలుసు, కానీ నిలబడగానే నోరు పెగలదు. దీన్ని చాలామంది ‘నాకు మాట్లాడే కళ లేదు’ అని సరిపెట్టుకుంటారు. శరీర ధర్మశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, కొంత భౌతికశాస్త్రం కలిపి చూస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. ఇందులో కళ కంటే సాధన పాత్ర ఎక్కువ. ఆ సాధన కూడా ఒక ప్రత్యేకమైన రకానిదై ఉండాలి.

గుండె దడ ఎందుకు?

ఎదుటివారు మనల్ని అంచనా వేస్తున్నారని అనిపించగానే మెదడు దాన్ని ఒక ముప్పుగా లెక్కిస్తుంది. వెంటనే సహానుభూత నాడీవ్యవస్థ రంగంలోకి దిగుతుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మం దగ్గరి రక్తనాళాలు కుంచించుకుని చేతులు చల్లబడతాయి. లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది. ఆ తర్వాత నెమ్మదిగా రెండో వ్యవస్థ కదులుతుంది. హైపోథాలమస్ నుంచి పీయూష గ్రంథికి, అక్కడి నుంచి అడ్రినల్ గ్రంథులకు సంకేతం అంది కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది.

దీన్ని ప్రయోగశాలలో కొలవడానికి 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఒక పరీక్ష రూపొందించారు. అభ్యర్థికి సిద్ధం కావడానికి కొన్ని నిమిషాలిస్తారు. తర్వాత ఉద్యోగ ఇంటర్వ్యూలో లాగా 5 నిమిషాలు తన గురించి మాట్లాడాలి. ఆ వెంటనే మరో 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తగ్గిస్తూ పైకి లెక్క చెప్పాలి. ఎదురుగా కూర్చున్నవారు నవ్వరు, తల ఊపరు. దెబ్బ తగలదు, ఆకలి ఉండదు, అయినా చాలామందిలో కార్టిసాల్ గణనీయంగా పెరుగుతుంది. ఒత్తిడి పరిశోధనల్లో నేటికీ ఎక్కువగా వాడే పరీక్షల్లో ఇదొకటి.

మరి ఏ ఒత్తిడి శరీరాన్ని ఎక్కువగా కదిలిస్తుంది? 208 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2004లో వెలువడింది. రెండు అంశాలు కలిసినప్పుడు కార్టిసాల్ స్పందన అత్యధికంగా ఉందని అందులో తేలింది. ఒకటి, ఇతరులు మనల్ని అంచనా వేయడం. రెండు, పరిస్థితి మన అదుపులో లేకపోవడం. మొదటిదాన్ని మనం తీసేయలేం, బోర్డు ఉన్నదే అంచనా వేయడానికి. రెండోదాని మీద మాత్రం పని చేయవచ్చు. సన్నద్ధత అంటే అదుపులో లేనిదాన్ని కొంచెం కొంచెంగా అదుపులోకి తెచ్చుకోవడమే.

అలవాటైతే తగ్గుతుందా?

చాలామందిలో తగ్గుతుంది, కొందరిలో తగ్గదు. ట్రియర్ పరిశోధకులే 1995లో 20 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు ఇదే తరహా పరీక్షను 5 రోజులపాటు రోజూ పెట్టారు. 13 మందిలో మొదటి రోజు తర్వాత కార్టిసాల్ స్పందన బాగా పడిపోయింది. మిగిలిన 7 మందిలో మాత్రం ప్రతిరోజూ పెరుగుతూనే ఉంది. ప్రయోగం చిన్నదే అయినా మనకు రెండు విషయాలు చెబుతుంది.

మొదటిది, నమూనా ఇంటర్వ్యూలు, ముందస్తు ప్రసంగాలు వృథా కావు. చాలామందికి మొదటిసారికీ రెండోసారికీ మధ్యే పెద్ద తేడా ఉంటుంది. కాబట్టి ఆ ‘మొదటిసారి’ అసలు రోజున కాకుండా ముందే జరిగిపోవాలి. రెండోది, ఎన్నిసార్లు సాధన చేసినా దడ తగ్గని వాళ్లూ ఉంటారు. అది వారి శరీర స్వభావం. వాళ్లు భయం పోయాకే మాట్లాడదామని కూర్చుంటే ఎప్పటికీ మాట్లాడలేరు. భయం ఉండగానే మాట్లాడటం నేర్చుకోవాలి.

దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు కొందరిని ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అని, మరికొందరిని ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనమన్నారు. రెండో బృందం ప్రసంగాలే మెరుగ్గా, నమ్మించేలా ఉన్నాయని విన్నవారు అంచనా వేశారు. కారణం ఊహించవచ్చు. గుండె కొట్టుకునే వేగం భయంలోనూ ఎక్కువే, ఉత్సాహంలోనూ ఎక్కువే. పరుగెడుతున్న గుండెను ఆపమనడం కంటే ఆ పరుగుకు పేరు మార్చడం తేలిక.

మీ కంగారు ఎదుటివారికి అంతగా కనిపించదు

మాట తడబడినప్పుడు ‘అందరూ గమనించేశారు’ అనిపిస్తుంది. ఆ ఆలోచనతో ఇంకా కంగారు పడతాం, దాంతో మాట ఇంకా తడబడుతుంది. మన లోపలి స్థితి ఎదుటివారికి అద్దంలో కనిపించినట్టు కనిపిస్తోందని అనుకోవడాన్ని మనస్తత్వవేత్తలు ‘పారదర్శకతా భ్రమ’ అంటారు. నిజానికి మన గుండె చప్పుడు మన చెవులకే వినిపిస్తుంది.

కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులను మూడు బృందాలు చేసి ప్రసంగించమన్నారు. ఒక బృందానికి ఏమీ చెప్పలేదు. రెండో బృందానికి కంగారు పడనక్కర్లేదని ధైర్యం చెప్పారు. మూడో బృందానికి ఈ భ్రమ గురించి వివరించారు. మూడో బృందం ప్రసంగాలే మెరుగ్గా సాగాయి. అలా అన్నది మాట్లాడినవారు మాత్రమే కాదు, చూసినవారు కూడా. వట్టి ధైర్యవచనం కంటే విషయం తెలియడమే ఎక్కువ పని చేసిందన్నమాట. మీరు చేయాల్సింది ఇంతే. మీ ప్రసంగాన్ని ఫోన్‌లో వీడియో తీసి, మర్నాడు చూడండి. మాట్లాడుతున్నప్పుడు మీకు కొండంతగా అనిపించిన తడబాటు తెరమీద ఎంత చిన్నదో తెలుస్తుంది.

చదవడం వేరు, చెప్పడం వేరు

ఇప్పుడు లైబ్రరీ కుర్చీ దగ్గరికి వద్దాం. ఒకే పాఠాన్ని నాలుగుసార్లు చదివితే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఈ నమ్మకాన్ని పరీక్షించారు. ఒక బృందం ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతల్లో పుస్తకం మూసి గుర్తున్నదంతా రాసింది. 5 నిమిషాల తర్వాత అడిగితే చదివిన బృందానిదే పైచేయి. వారం తర్వాత పరిస్థితి తారుమారైంది. చదివినవారికి 40 శాతం గుర్తుంటే, గుర్తుచేసుకుంటూ సాధన చేసినవారికి 61 శాతం గుర్తుంది.

మాట విషయంలో ఇది ఇంకా ముఖ్యం. కంటితో చూసి గుర్తుపట్టడం ఒక నైపుణ్యం. కాగితం లేకుండా గుర్తుచేసుకుని, వరస పేర్చి, పదాలు వెతుక్కుని, నోటితో పలకడం పూర్తిగా మరో నైపుణ్యం. మొదటిదాన్ని ఏళ్ల తరబడి సాధన చేసి రెండోదానిలో పరీక్ష రాస్తే తడబాటు రాక తప్పదు. ఈత పుస్తకం చదివి చెరువులో దూకినట్టే.

నిత్యం గొంతు విప్పే అలవాటు ఎంత బలమో తెలుగువారి చరిత్రలోనే చూడవచ్చు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని సభలో తెలుగులోకి అనువదించింది పన్నెండేళ్లు అటూ ఇటూగా ఉన్న దుర్గాబాయి. చిన్న వయసులోనే హిందీ నేర్చుకోవడమే కాదు, తోటి ఆడవాళ్లకు నేర్పిన అమ్మాయి ఆమె. తర్వాతి కాలంలో రాజ్యాంగ పరిషత్ సభ్యురాలైన ఆ దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఢిల్లీ తెలుగు పిల్లల కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని ప్రారంభించారు. ఆ సొసైటీ పాఠశాలల్లో ఒకటి కరోల్ బాగ్ ప్రాంతంలోని ప్రసాద్ నగర్‌లో ఉంది.

ఇటీవలి ఉదాహరణ రోణంకి గోపాలకృష్ణ. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఆయన ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ 2016 సివిల్ సర్వీసెస్ పరీక్షలో జాతీయ స్థాయిలో 3వ ర్యాంకు సాధించారు. పరీక్ష తెలుగులో రాశారు, ఇంటర్వ్యూ కూడా దుబాసీ సాయంతో తెలుగులోనే ఇచ్చారు. ఇద్దరి కాలాలు వేరు, సందర్భాలు వేరు. కానీ ఇద్దరూ రోజూ ఎవరికో ఒకరికి పాఠం చెప్పినవాళ్లే. పాఠం చెప్పడమంటే చదివినదాన్ని నోటితో గుర్తుచేసుకునే సాధనే కదా.

తెలుగు వాక్యానికి ప్రాణం చివర్లో ఉంటుంది

మాట్లాడటం గురించి దొరికే సలహాలు ఎక్కువగా ఇంగ్లిష్ కోసం రాసినవి. తెలుగులో మాట్లాడేవారు గమనించాల్సిన సంగతి ఒకటుంది. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. జరిగిందా, జరగలేదా, జరగాలా అన్నది ఆ చివరి పదంలోనే తేలుతుంది. వాక్యం ఎంత పొడవైతే వినేవారు అంతసేపు అర్థాన్ని పెండింగ్‌లో పెట్టుకోవాలి. మన తక్షణ జ్ఞాపకం ఒకేసారి పట్టుకోగల అంశాలు నాలుగు దాకానేనని మనస్తత్వవేత్త నెల్సన్ కోవాన్ 2001లో వాదించారు. అంతకు మించితే ముందు విన్నవి జారిపోతాయి.

ఉదాహరణకు నల్గొండ జిల్లా అభ్యర్థిని ‘మీ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్యకు నల్గొండ పద్ధతి సరిపోతుందా?’ అని అడిగారనుకుందాం. పుస్తకం నుంచి వచ్చే జవాబు ఇలా ఉంటుంది:

‘శిలల నుంచి కరిగి భూగర్భజలాల్లో చేరే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిన నీటిని దీర్ఘకాలం సేవించుట వలన కలిగే ఫ్లోరోసిస్ నివారణార్థం నీరి సంస్థ రూపొందించిన, పటిక, సున్నం కలిపి నీటిని శుద్ధి చేసే పద్ధతి ఒక్కటే గ్రామాలన్నింటికీ శాశ్వత పరిష్కారం కాజాలదు.’

ఇందులో తప్పేమీ లేదు. కానీ అభ్యర్థి అవునంటున్నాడో కాదంటున్నాడో తెలియడానికి బోర్డు చిట్టచివరి పదం దాకా ఆగాలి. ఇదే జవాబును ఇలా చెప్పవచ్చు:

‘ఆ పద్ధతి ఒక్కటే సరిపోదు సర్. అది నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది. ఖర్చు తక్కువే. కానీ మోతాదు రోజూ సరిగ్గా చూసుకోవాలి. మిగిలే మడ్డిని జాగ్రత్తగా పారవేయాలి. అందుకే ఫ్లోరైడ్ లేని నదీజలాలను ఊళ్లకు తేవడం మేలైన మార్గం.’

ముందు తీర్పు, తర్వాత కారణాలు. ఒక్కో వాక్యానికి ఒక్కో విషయం. ‘సేవించుట’, ‘నివారణార్థం’ లాంటి మాటలు పోయి ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వచ్చింది. తెలుగులో ఇంటర్వ్యూ ఇచ్చేవారికి దీని అవసరం ఇంకా ఎక్కువ. మెయిన్స్ తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు, అయితే మధ్యలో దుబాసీ ఉంటారు. ఇంగ్లిష్‌లో క్రియ వాక్యం మొదట్లోనే కావాలి, మనం దాన్ని చివరి దాకా దాచి ఉంచుతాం. మీ క్రియ వచ్చేదాకా దుబాసీ వాక్యం మొదలుపెట్టలేరు. మీరు చిన్న వాక్యం చెప్పి ఆగితే ఆయన పనీ సాఫీగా సాగుతుంది, మీ మాటా చెడకుండా అవతలికి చేరుతుంది.

ఊపిరి అయిపోయే చోటే అర్థం ఉంటే?

గొంతు ఒక గాలి వాద్యం. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి ఒత్తిడికి స్వరతంత్రులు కంపిస్తాయి. ఈ కంపనాలు పురుషుల్లో సెకనుకు సుమారు 120, స్త్రీలలో సుమారు 200. కంగారులో స్వరపేటిక చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. స్వరతంత్రులు సాగి కంపన వేగం పెరుగుతుంది. అందుకే భయపడినప్పుడు గొంతు సన్నబడి కీచుగా వస్తుంది. ఊపిరి కూడా పైపైన ఆడుతుంది కాబట్టి గాలి తొందరగా అయిపోతుంది.

గాలి తగ్గితే స్వరతంత్రుల కింద ఒత్తిడి తగ్గుతుంది, ధ్వని తీవ్రత పడిపోతుంది. ఇది సాధారణంగా వాక్యం చివర జరుగుతుంది. తెలుగులో క్రియ ఉండేదీ అక్కడే. అంటే మన వాక్యంలో అతి ముఖ్యమైన పదం మన గొంతు అతి బలహీనంగా ఉన్నప్పుడు బయటికొస్తుంది. ‘వస్తుంది’, ‘రాదు’ తేడా తెలియకుండా పోతుంది. వెనక వరసలో కూర్చున్నవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు, అంటే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని కొంత ఆదుకుంటుంది, కానీ ఫ్యాన్ చప్పుడు దాన్ని మింగేస్తుంది.

దీనికి మందు అరవడం కాదు. వాక్యం మొదలుపెట్టే ముందు పొట్ట కదిలేలా ఊపిరి తీసుకోవాలి. గాలి ఉండగానే వాక్యం పూర్తి చేయాలి. క్రియను స్పష్టంగా పలికి, ఆగి, మళ్లీ ఊపిరి తీసుకోవాలి. ఆ విరామం మీకు పెద్దదిగా అనిపిస్తుంది, వినేవారికి మాత్రం అది ఆలోచించుకునే సమయం. వంతు కోసం ఎదురుచూస్తున్నప్పుడు కొన్ని నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసుకుని, తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదిలితే గుండె వేగం కాస్త దిగుతుంది. నోరు ఎండకుండా మధ్యమధ్యలో గుక్కెడు నీళ్లు తాగుతుండాలి.

మీకు వినిపించే పాట వాళ్లకు వినిపించదు

ఇది ముఖ్యంగా పరిశోధక విద్యార్థుల కోసం. 1990లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థిని ఎలిజబెత్ న్యూటన్ తన పరిశోధనలో ఒక ఆట ఆడించారు. కొందరు అందరికీ తెలిసిన పాటల లయను బల్ల మీద వేళ్లతో కొట్టాలి. ఎదుటివారు అది ఏ పాటో చెప్పాలి. సగం సార్లయినా కనిపెడతారని కొట్టినవారు అనుకున్నారు. 120 పాటల్లో కనిపెట్టింది 3 మాత్రమే. కొట్టేవారి మనసులో రాగం మోగుతోంది, వినేవారికి వినిపించింది టకటక శబ్దమే.

ఏళ్ల తరబడి ఒకే విషయం మీద పనిచేసినవారికి ఇదే జరుగుతుంది. తమకు తెలిసింది ఎదుటివారికీ తెలుసనుకుని మధ్య మెట్లు వదిలేస్తారు. దీన్ని మనకు మనమే పట్టుకోలేం. ఆ విషయం తెలియని మనిషి కావాలి. గదిలో ఉండే వేరే సబ్జెక్టు స్నేహితుడికి 3 నిమిషాలు చెప్పి, అతణ్ని తిరిగి చెప్పమనండి. అతను ఎక్కడ ఆగిపోతే అక్కడ మీరొక మెట్టు వదిలేశారని అర్థం. సంగతి అర్థమైందా అని మాత్రం అడగవద్దు. మొహమాటానికి అందరూ అర్థమైందనే అంటారు.

వేగాన్ని పదాల్లో లెక్కించకండి

నిమిషానికి ఇన్ని పదాలు మాట్లాడాలన్న ఇంగ్లిష్ లెక్కలు తెలుగుకు పనికిరావు. ‘వెళ్లలేకపోయాను’ అన్న ఒక్క తెలుగు మాటకు ఇంగ్లిష్‌లో నాలుగైదు పదాలు కావాలి. 2019లో వచ్చిన ఒక అధ్యయనం 17 భాషలను పోల్చింది. అక్షరాల వేగంలో భాషల మధ్య చాలా తేడాలున్నా, సెకనుకు అందే సమాచారం మాత్రం అన్నింటిలో సుమారు 39 బిట్ల దగ్గరే ఉందని తేల్చింది. ఆ జాబితాలో తెలుగు లేదు. అయినా మనం నేర్చుకోవాల్సింది ఉంది. వినేవారికి సమాచారం అందించే వేగానికి ఒక సహజమైన హద్దు ఉంటుంది. కంగారులో గబగబా మాట్లాడితే ఎక్కువ విషయం చేరదు. కాబట్టి పదాలు లెక్కపెట్టే బదులు గడియారం పెట్టుకుని మీ ప్రసంగాన్ని పైకి చెప్పి చూసుకోండి. 10 నిమిషాలు ఇస్తే 8 నిమిషాలకే సరిపడా సిద్ధం కండి.

మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు, పుస్తకాల బైండింగ్ నేర్చుకున్న కార్మికుడు. లండన్‌లో ప్రసిద్ధ ఉపన్యాసకుడు కావడానికి ముందు ఆయన బెంజమిన్ స్మార్ట్ అనే గురువు దగ్గర ఉచ్చారణ పాఠాలు చెప్పించుకున్నారు. ఉపన్యాసంలో వేగం పెరిగితే గుర్తుచేయడానికి ‘నెమ్మదిగా’ అని రాసిన అట్ట ముక్క తన ముందు పెట్టించుకునేవారట. అంతటివాడికే అట్ట ముక్క అవసరమైతే మనం సిగ్గుపడాల్సిన పని లేదు.

వారం రోజుల సాధన

మొదటి రోజు: విషయాన్ని మూడు ముఖ్యాంశాలుగా ఒక చిన్న కాగితం మీద రాయండి. వాక్యాలు వద్దు, మాటలు చాలు. పుస్తకం మూసి, నిలబడి, పైకి చెబుతూ ఫోన్‌లో రికార్డు చేయండి.

రెండో రోజు: ఆ రికార్డింగ్ వినండి. చివర మింగేసిన క్రియలను, ఊపిరికి మించిన వాక్యాలను గుర్తించండి. వాటిని రెండుగా విరిచి మళ్లీ చెప్పండి.

మూడో రోజు: విషయం తెలియని ఒకరికి చెప్పి, తిరిగి చెప్పించుకోండి.

నాలుగో రోజు: మేడ మీదో, పార్కులోనో చెప్పండి. కరోల్ బాగ్‌లో ఉంటే అజ్మల్ ఖాన్ పార్కు ఉండనే ఉంది. చుట్టూ చప్పుడు ఉన్నా మాట సాగేలా చూసుకోండి.

ఐదో రోజు: ముగ్గురిని కూర్చోబెట్టి, తల ఊపవద్దని, నవ్వవద్దని ముందే చెప్పండి. ట్రియర్ పరీక్షలో లాగే. మధ్యలో అడ్డు ప్రశ్నలు వేయమనండి. ‘క్షమించండి సర్, నాకు తెలియదు’ అనడం కూడా ఈ రోజే సాధన చేయండి. వ్యక్తిత్వ పరీక్షలో బోర్డు చూస్తానని యూపీఎస్సీ చెప్పే లక్షణాల్లో మేధోపరమైన నిజాయితీ కూడా ఉంది. తెలియనిదాన్ని తెలియదని తడబడకుండా చెప్పడం అందులో భాగమే.

ఆరో రోజు: అసలు రోజున వేసుకునే బట్టలు, బూట్లు వేసుకుని పూర్తి సమయం చేయండి. మొదలుపెట్టే ముందు ఒక అరగంట ఊరికే కూర్చోండి, ఎందుకంటే అసలు రోజున ఎదురుచూపులే గంటల తరబడి ఉండవచ్చు. వీడియో తీయండి.

ఏడో రోజు: కొత్తది ఏదీ ఎత్తుకోవద్దు. మొదటి నాలుగు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం పైకి అనుకుని తొందరగా పడుకోండి. నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడటంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది.

సాధన చేసేటప్పుడు మొత్తం ప్రసంగాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టకూడదు. బట్టీ ఒక గొలుసు లాంటిది. ఒక మాట మరిచిపోతే తర్వాతిది దొరకదు. మూడు ముఖ్యాంశాలు గట్టిగా తెలిసి, మాటలు ప్రతిసారీ కొత్తగా పుడుతుంటే ఒకచోట తడబడినా మరో దారిలో గమ్యం చేరవచ్చు.

పల్లెటూరి బడిలో చదివి, పెద్ద నగరానికి వచ్చి, ఎదుటివారి ఇంగ్లిష్ విని తనలో తాను కుంచించుకుపోయే విద్యార్థికి ఇదంతా ఎందుకు ముఖ్యమో ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లు మాట్లాడగలుగుతున్నది పుట్టుకతో వచ్చిన తెలివి వల్ల కాదు. చిన్నప్పటి నుంచి నలుగురిలో నోరు విప్పే అవకాశాలు వాళ్లకు ఎక్కువగా దొరికాయి, అంతే. అంటే తేడా సాధన గంటల్లో ఉంది. ఆ గంటలను ఇప్పుడైనా సంపాదించుకోవచ్చు. లైబ్రరీలో పది గంటలు చదివేవారు తొమ్మిది గంటలే చదివి, ఆ మిగిలిన గంట బయటికొచ్చి చదివింది ఎవరికైనా చెప్పాలి.